ఒకరి అనుమతి, పదుగురి పేర్లు

చేతిలోని ఫోనును తెరచి, అందు ‘కాంటాక్టులు’ అను చోట పోగుపడియున్న పేర్లను మొదటినుండి చివరివరకు నిదానముగా చదువుకొనుచు పోయినచో, మన మెన్నడును వ్రాయ సంకల్పింపని స్వీయచరిత్ర యొకటి అచ్చట సిద్ధమై కనిపించును. అమ్మ, పెద్దక్క, దుబాయి బావ, పాల వెంకన్న, కరెంటు లైన్‌మన్, గ్యాసు, చీటీల అత్తయ్య, అబ్బాయి లెక్కల మాష్టారు, గుండె డాక్టరు, విడాకుల లాయరు — ఎవరు మనకెట్లు గుర్తుందురో అట్లే వ్రాసికొనుట మన వాడుక. ఆ పట్టికను చదివినవానికి మన బంధుత్వములు, అప్పులు, రోగములు, ఇంటి కలతలు అన్నియు తెలిసిపోవును. అయితే అచ్చట నున్నది మన గుట్టు మాత్రమే కాదు. పెద్దక్క నంబరు పెద్దక్కది. అది ఆమె మనకు చనువుతో ఇచ్చినది, ఎవరికి పడితే వారికి పంచిపెట్టుమని ఇచ్చినది కాదు.

క్రొత్త యాపు నొకదానిని ఫోనులోనికి దింపుకొన్నపుడు తెరమీద నొక ప్రశ్న వచ్చును: కాంటాక్టులను చూచుటకు అనుమతింతురా యని. పని తొందరలోనున్న మనము ‘అనుమతించు’ అను మాటమీద వ్రేలుంచుదుము. సాఫ్ట్‌వేరు నిర్మించువారును, చట్టములు వ్రాయువారును ఆ క్షణమున జరిగినదానిని సమ్మతి యందురు. వయసు వచ్చిన మనిషి తన సౌకర్యము కొరకు తన గోప్యతలో కొంత వదలుకొనుటకు ఒప్పుకొనెను, ఇందు అన్యాయమెక్కడిది యని వారి వాదము. వదలుకొన్నది అతని గోప్యత మాత్రమే యైనచో ఆ వాదము నిలుచును. కాని ఆ ఒక్క తాకిడితో చేయి మారినవి వందలకొలది ఇతరుల పేర్లు, వారి నంబర్లు, వారికిని మనకునుగల సంబంధములు. వారిలో ఏ ఒక్కరిని ఎవరును అడుగలేదు. గోప్యతకును సౌకర్యమునకును నడుమ జరుగు ఈ బేరమును తూచునపుడు, బేరములో పాలులేక నష్టములో మాత్రము పాలుగల ఈ మూడవ మనిషిని లెక్కలోనికి తీసికొనక చేసిన తూకమేదియు సరియైన తూకము కానేరదని నా దృఢమైన అభిప్రాయము.

ఇది ఊహామాత్రమైన విచారము కాదు. 2020వ సంవత్సరమున కొవిడ్ మూలమున పనులు నిలిచి, జీతములు తెగి, మధ్యతరగతి సంసారములును కూలినాలి చేసికొను సంసారములును ఒకేతీరున డబ్బునకు కటకటపడుచున్న దినములలో, అయిదారు నిమిషములలో అప్పిత్తుమను యాపులు పుట్టగొడుగులవలె మొలచెను. బ్యాంకునకు పోనక్కరలేదు, హామీ అక్కరలేదు, సంతకమక్కరలేదు. ఆధార్ కార్డు ఫొటో, పాన్ కార్డు ఫొటో, తన ముఖము ఫొటో పంపి, తెరమీద అడిగిన వానికన్నింటికిని అనుమతించినచో, ప్రాసెసింగు రుసుము పేర నొక పెద్ద కోత ముందుగనే కోసి, మిగిలిన సొమ్ము ఖాతాలో పడును. గడువు అనేక సందర్భములలో ఏడు దినములే. ఎనిమిదవ దినమున ఫోనులు మొదలగును. మొదట అప్పు తీసికొన్నవానికి. పిదప అతని భార్య పుట్టింటివారికి, ఆఫీసులోని పై అధికారికి, ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చి పంపు బాగుచేసిపోయిన మేస్త్రీకి. బంధుమిత్రులందరిని చేర్చి వాట్సాప్ గుంపు నొకదానిని కట్టి, అందులో ఆ మనిషి ఫొటో పెట్టి, వీడు దొంగయని వ్రాయుదురు. స్త్రీలైనచో వారి ముఖములను అసభ్యచిత్రములకు అతికించి పంపుదురు. ఆ యవమానమునకు తాళలేక తెలంగాణములో ప్రాణములు తీసికొన్నవారు కలరు. ఆ సంవత్సరము డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి, హైదరాబాదులోను గురుగ్రామములోను ఈ యాపులకొరకు వసూళ్లు చేయుచుండిన కాల్ సెంటర్లపై దాడులు జరిపి, చైనా దేశీయులతో సహా పలువురిని నిర్బంధించిన పిమ్మటగాని ఈ వ్యాపారముయొక్క విస్తృతి దేశమునకు తెలియలేదు.

పూర్వము మన పల్లెలలో అప్పు కావలసినవాడు షావుకారు వద్దకు పోయి, తన ఇంటి ఇత్తడి బిందెనో, భార్య మెడలోని నానుతాడునో తాకట్టు పెట్టెడివాడు. షావుకారు ధర్మాత్ముడని నేననను. ఆ వడ్డీలకు ఎండిపోయిన కుటుంబములను మన సాహిత్యము ఎరుగును. అయినను తాకట్టు పెట్టిన వస్తువు అప్పు తీసికొన్నవానిది. ఈ యాపులు తాకట్టు పెట్టించుకొన్నది ఇతరుల కంటిలో ఆ మనిషికిగల గౌరవమును; ఆ గౌరవమును చేరుటకు త్రోవ, కాంటాక్టుల జాబితా. ఇందులో మరింత దారుణమేమనగా, తాకట్టైన ఆ పేర్లవారికి తాము తాకట్టులో నున్నట్లు తొలి ఫోను వచ్చువరకు తెలియదు.

ఈ యాపుల విషయమై రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో నొక కార్యబృందమును నియమించెను. ఆండ్రాయిడ్ ఫోనులకు అప్పులిచ్చు యాపులు సుమారు 1,100 దొరకుచున్నవనియు, అందు 600 వరకు చట్టవిరుద్ధమైనవనియు ఆ బృందము తేల్చెను. ఆ మీదట 2022 సెప్టెంబరులో వెలువడిన మార్గదర్శకములలో నొక నియమము వచ్చెను. దానిని నేను ఇటీవలి కాలమున మన దేశమున వ్రాయబడిన గోప్యతా నియమములలో మిక్కిలి వివేకవంతమైనదిగా ఎంచుచున్నాను. అప్పిచ్చు సంస్థల యాపులు ఖాతాదారుని ఫోనులోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టుల జాబితా, కాల్స్ చిట్టా — వీని జోలికి పోరాదు. కెమెరా, మైకు, లొకేషను వంటివానిని మాత్రము ఖాతాదారుని గుర్తింపు మొదలగు అవసరములకు, అతని స్పష్టమైన అనుమతితో, ఒక్క పర్యాయము వాడుకొనవచ్చును. ఈ నియమమునందలి విశేషమును పాఠకులు గమనింపవలెను. కాంటాక్టుల విషయమున అది సమ్మతిని అడుగుమనలేదు. ప్రక్కన స్పష్టముగా వ్రాసి చూపుమనలేదు. ఖాతాదారుడు సంతోషముగా ఇచ్చినను పుచ్చుకొనరాదని శాసించినది. అవసరములో నున్నవాని సమ్మతి ఎంత బలహీనమైనదో, ఇతరుల పేర్లను ఇచ్చివేయుటకు అతనికిగల అధికారము ఎంత స్వల్పమో ఎరిగినవారు వ్రాసిన నియమమది. మరుసటి సంవత్సరము గూగుల్ సంస్థ కూడ తన ప్లే స్టోరులోని వ్యక్తిగత ఋణముల యాపులకు ఫొటోలను, కాంటాక్టులను నిషేధించెను.

దీనికి ఎదురుగా నొక మాటయున్నది. అది త్రోసివేయదగినది కాదు. జీతపు చీటీ, బ్యాంకు పుస్తకము, భూమి పట్టా లేని మనిషి పరపతిని అప్పిచ్చువాడు దేనినిబట్టి అంచనా వేయవలెను? అతని ఫోనులోని ఆనవాళ్లు చూచుట తప్పైనచో, ఆ బీదవాడు మరల నూటికి పది రూపాయల వడ్డీవ్యాపారి గుమ్మమే త్రొక్కవలసివచ్చును గదా! ప్రశ్న న్యాయమైనదే. కాని యూపీఐ చెల్లింపుల చరిత్ర యున్నది, కరెంటు బిల్లు కట్టిన చరిత్ర యున్నది. అవి అతనివి, వానిని చూపుటకు అతనికి పూర్తి హక్కు కలదు. పెద్దక్క నంబరు అతని పరపతిని గూర్చి ఏమియు చెప్పదు. బెదిరించుటకు తప్ప దానివలన ఋణదాతకు ప్రయోజనము లేదు. ఇట్టి చోట తూకము కష్టమైనది కాదు.

కష్టమైనది వేరొకటి యున్నది. సందేశములు పంపు యాపులకు కాంటాక్టులతో నిజముగానే పని గలదు. మనకు తెలిసినవారిలో ఎవరెవరు ఆ యాపులో నున్నారో తెలియనిదే దానితో ప్రయోజనము లేదు. ఊరిలోనున్న తల్లికి వాట్సాప్ పెట్టి ఇచ్చినపుడు ఆమె చేత ఒక్కొక్క నంబరును ఎక్కింపవలసివచ్చినచో ఆమె దానిని వాడనే వాడదు. అమెరికాలోని కుమారుని ముఖము ప్రతిరాత్రి చూడగలుగుట ఆ తల్లికి అల్పవిషయము కాదు. ఆ సౌకర్యమును తేలికచేసి మాట్లాడువారితో నేను ఏకీభవింపలేను. అయితే ఆ సౌకర్యమునకు జాబితా యంతయు సర్వరునకు పోవలసినదేనా? నంబర్లను నేరుగా పంపక, గణితప్రక్రియచే గుర్తుపట్టరాని సంకేతములుగా మార్చి పంపుదుమని కొందరు చెప్పుదురు. ఇందులో నొక చిక్కున్నది. పది అంకెల నంబర్లు ఎన్ని గలవో అన్నింటికిని ముందుగనే ఆ సంకేతములను కట్టి పెట్టుకొనుట నేటి కంప్యూటర్లకు పెద్ద పని కాదు. కట్టినవాడు ఏ సంకేతమునకు ఏ నంబరో వెనుకకు చదువుకొనగలడు. ఈ బలహీనతను ఎరిగియే సిగ్నల్ యాపును నడుపువారు 2017లో వేరు మార్గమును త్రొక్కిరి: తమ సర్వరులోని ప్రాసెసరునందే తామును తొంగిచూడ వీలులేని ఒక మూసిన గదివంటి భాగమున నంబర్లను సరిపోల్చి, పని ముగియగానే తుడిచివేయు ఏర్పాటు చేసిరి.

ఫోనును తయారుచేయువారి చేతిలోను కొంత యున్నది. ఆండ్రాయిడ్‌లో 2015లో వచ్చిన ఆరవ రూపమునకు ముందు, యాపును దింపుకొనునపుడే అడిగినదంతయు ఒక్క మూటగా ఒప్పుకొనవలెను, లేనిచో యాపే లేదు. పిదప ఒక్కొక్క అనుమతిని వేరుగా అడుగుట వచ్చెను. ఆపిల్ సంస్థ 2024లో విడుదల చేసిన పదునెనిమిదవ ఐఓఎస్‌లో, జాబితా నంతయు ఇచ్చుటయో మానుటయో గాక, ఏ పేర్లు ఇత్తుమో ఏరి ఇచ్చు వీలు కలిగినది. ఈ చిన్న మార్పును నేను ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణము గలదు. గోప్యత కావలెనన్న సౌకర్యము పోవును, సౌకర్యము కావలెనన్న గోప్యత పోవునని మనకు ఏళ్లతరబడి చెప్పుచు వచ్చిరి. అనేకసారులు ఆ రెండింటికి నడుమ వైరమేమియు లేదు. శ్రమపడి కట్టని సాఫ్ట్‌వేరునకు వైరమనునది అనుకూలమైన సాకు మాత్రమే. నిజమైన వైరమున్న చోటులు కొన్ని కలవు. వానిని గుర్తించుటకు ముందు ఈ సాకులను ఏరివేయవలెను.

ఈ విచారమున తెలుగువారికి గర్వకారణమైన చరిత్ర యొకటి యున్నది. 1941లో నేటి ఉత్తరప్రదేశములో ఒక దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యము లేక విడువబడిన ఖడక్ సింగ్ అను నతనిపై పోలీసులు హిస్టరీ షీటు తెరచి, అతని యింటిచుట్టు రహస్యముగా కాపలా కాయుచు, అర్ధరాత్రివేళ తలుపు తట్టి లేపుచు, అతడు ఊరు దాటినపుడెల్ల ఆరా తీయుచుండిరి. అతడు సుప్రీంకోర్టునకు పోయెను. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు రాత్రివేళ ఇంటిలోనికి వచ్చుట మాత్రము తగదనియు, మిగిలిన నిఘా చెల్లుననియు, గోప్యత యనునది మన రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదనియు తీర్పుచెప్పిరి. విభేదించిన ఇరువురి పక్షమున తీర్పు వ్రాసినవారు కోకా సుబ్బారావుగారు. రాజమహేంద్రవరమున పుట్టి, గుంటూరులో 1954లో వెలసిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, అటుపిమ్మట భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన మహనీయులు. మనిషి చేతులకు సంకెల వేయకున్నను, అతడు వేయు ప్రతి అడుగును ఒక కన్ను కనిపెట్టుచున్నదన్న తెలివిడియే అతని మనస్సునకు సంకెల యగుననియు, వ్యక్తిస్వాతంత్ర్యమనగా శరీరము కదలుటకు స్వేచ్ఛ మాత్రమే కాదనియు, రాజ్యాంగము గోప్యత యను మాటను పలుకకున్నను అది స్వాతంత్ర్యములో అంతర్భాగమేననియు వారు ఆనాడు నిరూపించిరి. కంప్యూటరు మన కార్యాలయములకు కూడ రాని దినములలో, మనిషి మనస్సును అణచుటకు శాస్త్రసాధనములు ఉపయోగపడగలవను ఎరుకతో వ్రాసిన తీర్పది.

ఆ అల్పసంఖ్యాక తీర్పు ఏబదియైదేండ్లు వేచియుండెను. 2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు ఆధార్‌ను ప్రశ్నించుచు వేసిన వ్యాజ్యమునందు, పాత తీర్పుల దృష్ట్యా అసలు గోప్యత హక్కే లేదని కేంద్రప్రభుత్వము వాదించుటచే, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము కూర్చుండవలసివచ్చెను. 2017 ఆగస్టు 24న ఆ తొమ్మిదిమందియు ఏకకంఠముగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించి, సుబ్బారావుగారి మార్గమే సరియైనదనిరి. ఆ ధర్మాసనమున కృష్ణాజిల్లావాసి చలమేశ్వర్‌గారుండిరి. తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరైన అబ్దుల్ నజీర్‌గారును ఉండిరి. గోప్యతలోనికి రాజ్యము చొరవలెనన్న చట్టముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, చొరబాటు ఆ ప్రయోజనమునకు తగినంతయే యుండవలెనని ఆనాడు నిర్ణయమైన కొలమానము నేటికిని మనకు గల తూకపురాళ్లలో నమ్మదగినది.

ఇక ఆ తీర్పు ఫలముగా, అనేక ముసాయిదాలు వ్రాసి చెరిపిన పిమ్మట, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము వచ్చెను. సాధారణముగా చట్టములను చదువుట ప్రయాసయే గాని, ఈ చట్టమున ఆరవ విభాగము క్రింద నున్న ఉదాహరణ నొకదానిని ప్రతి ఫోనుగల మనిషియు చదువదగును. ఒక స్త్రీ ఫోనుమీద వైద్యసలహా ఇచ్చు యాపును దింపుకొనెను. ఆ యాపు ఆమె ఆరోగ్య వివరములతోపాటు ఆమె కాంటాక్టుల జాబితాను కూడ కోరెను. ఆమె రెండింటికిని సరేయనెను. వైద్యసలహాకు ఆ జాబితాతో పని లేదు కావున, ఆమె ఒప్పుకొన్నను ఆ సమ్మతి వైద్యమునకు సంబంధించినంతవరకే చెల్లునని చట్టము చెప్పుచున్నది. రిజర్వు బ్యాంకు ఋణయాపులకు చెప్పిన ధర్మమునే ఇది అన్ని యాపులకును విస్తరింపజేసినది. సమ్మతి కోరు ప్రకటనను ఇంగ్లీషులోనో, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏదేని భాషలోనో చదువుకొను అవకాశము నీయవలెనన్న నియమమును కూడ నేను హృదయపూర్వకముగా స్వాగతించుచున్నాను. తెలుగు మాత్రమే చదువగల రైతుకూలి ఇన్నాళ్లు తనకు తెలియని భాషలో తెలియని షరతులకు తలయూపుచుండెను.

కాని అదే చట్టమును మరి నాలుగు పుటలు త్రిప్పినచో మనసు కలత చెందును. తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా వేయవచ్చును. ఆ సొమ్ము ప్రభుత్వఖజానాకు పోవునే గాని, నష్టపోయినవారికి ఒక్క రూపాయియు రాదు. అంతకుముందు ఐటీ చట్టములో నష్టపరిహారమునకు వీలుకల్పించిన 43ఏ విభాగమును ఈ చట్టము రద్దుచేయుచున్నది. ఫోనులో అవమానింపబడిన కుటుంబమునకు పరిహారమేదియని అడిగినచో ఈ చట్టమున సమాధానము లేదు. కేంద్రము నోటిఫై చేసిన ప్రభుత్వసంస్థలను దేశభద్రత, శాంతిభద్రతల పేర ఈ చట్టమునుండి పూర్తిగా మినహాయింప వీలున్నది. ఖడక్ సింగ్ తలుపు తట్టినది ప్రైవేటు కంపెనీ కాదు. సమాచారహక్కు చట్టమున వ్యక్తిగత సమాచారమునకు గల మినహాయింపులోనే, ప్రజాప్రయోజనము కొరకు దానిని వెల్లడింపవచ్చునని యుండిన వెసులుబాటును కూడ ఇది తొలగించినది. గోప్యత పౌరునికి కవచము కావలసినది. అధికారికి తెర కారాదు.

నిజమైన వైరమున్న చోటులు కలవంటిని. వాట్సాప్ సందేశములు 2016నుండి పంపినవారికి, అందుకొన్నవారికి తప్ప మధ్యనున్న కంపెనీకి కూడ తెలియని రీతిగా సంకేతబద్ధమై పోవుచున్నవి. 2021లో కేంద్రము చేసిన ఐటీ నియమములు, అడిగినపుడు ఒక సందేశమును తొలుత పుట్టించినవాడెవడో చెప్పవలెనని పెద్ద సంస్థలను ఆదేశించినవి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టునకు పోయినది. పిల్లలను ఎత్తుకుపోవుదురన్న పుకారు సందేశమును నమ్మి అమాయకులను గుంపులు కొట్టిచంపిన ఘోరములు 2018లో మన రెండు తెలుగు రాష్ట్రములలోను జరిగినవి. ఆ పుకారును పుట్టించినవానిని పట్టుకొనవలెనన్న కోరికను తప్పుపట్టువాడెవడు? కాని ఒక్కని మూలమును కనుగొనుటకు అందరి సందేశములకును ముందే గుర్తువేసి యుంచవలెను. ఏ సందేశము రేపు నేరమగునో నేడు తెలియదు కదా! పోలీసుల కష్టము పెరుగునని ఒప్పుకొనియే, ఇచ్చట నేను సంకేతబద్ధతనే కోరుదును.

మరల కాంటాక్టుల కడకే వత్తును. అచ్చటనే ఈ చట్టముయొక్క పెద్ద లోపము బయటపడుచున్నది. తన డేటా ఏమున్నదో చూపుమని అడుగు హక్కును పదునొకండవ విభాగము, దానిని దిద్దుమని, తుడిచివేయుమని అడుగు హక్కును పండ్రెండవ విభాగము ఇచ్చుచున్నవి. అయితే ఆ హక్కులు ఎవరికి? అంతకుముందు ఆ సంస్థకు సమ్మతి యిచ్చినవారికి. తమ్ముడు ఒక యాపును దింపుకొని ‘పెద్దక్క’ పేరును, నంబరును దానికి ఇచ్చెను. పెద్దక్క ఆ యాపు పేరైనను వినలేదు, దానికి ఏ సమ్మతియు ఇవ్వలేదు. కావున సమ్మతి యిచ్చిన తమ్ముడు తన డేటాను తుడిపించుకొనవచ్చును గాని, ఇవ్వని అక్క తన పేరు అచ్చట నున్నదా యని అడుగుటకైనను ఈ విభాగములు ఆధారము కావు. ఈ చట్టము క్రింద ఏర్పడు డేటా రక్షణ బోర్డునకు ఫిర్యాదు చేయవచ్చును, నిజమే. తన పేరు ఎవరి వద్దనున్నదో తెలియని మనిషి ఎవరిపై ఫిర్యాదు చేయును?

ఈ చట్టమునకు నియమావళి 2025 నవంబరులో వెలువడినది. సంస్థలపై ముఖ్యమైన బాధ్యతలు పదునెనిమిది నెలల గడువు తరువాత, అనగా 2027 మే నెలలో అమలునకు వచ్చును. ఆ లోపున పార్లమెంటు ఆ పదునొకండు, పండ్రెండు విభాగములలోని సమ్మతి షరతును తొలగించి, ఎవరి డేటా యైనను వారు అడిగినంతనే చూపవలెనని, వలదన్నచో తుడిచివేయవలెనని మార్చవలెను. 43ఏ విభాగమునందలి పరిహారపు హక్కును ఏదో యొక రూపమున నిలుపవలెను. మన పక్షమున లోకసభకు పోయిన నలుబదియిద్దరు తెలుగు సభ్యులున్నారు. ఋణయాపుల వేధింపులకు బలియైన కుటుంబములు వారి నియోజకవర్గములలోనే యున్నవి.